సంక్రాంతి సెలవుల్లో షిర్డీ–నాసిక్: ద్రాక్షతోటలు, తాడు దిగడం, డ్యాం నీళ్ళు. అమ్మ, పిల్లలతో అయిదు రోజుల్లో కుదురుతుందా?

పటమటలంక
జనవరిలో అయిదు రోజులు చేతిలో ఉన్నాయి, ప్రయాణాలు విడిగా. మొత్తం అయిదుగురం: మేమిద్దరం, పదిహేనేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ బాబు, 64 ఏళ్ళ అమ్మ. అమ్మకి షిర్డీ కావాలి. పిల్లలకి కొండ, తాడు, పడవ. మాకిద్దరికీ ఒక వైనరీ, అంటే వైన్ తయారుచేసే చోటు, తీరిగ్గా చూడాలని ఉంది. రైలా, కారా? ఏ రోజు ఏది పెట్టుకోవాలి? అమ్మ బీపీ మాత్ర వేసుకుంటుంది, మెట్లు నెమ్మదిగా ఎక్కగలదు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

బ్రాడీపేట_4బై14
కుదురుతుందండీ, జాబితా కుదిస్తే. కారు ఆలోచన మానేయండి. విజయవాడ నుంచి నాసిక్ తొమ్మిదొందల కిలోమీటర్లు దాటుతుంది. రానూపోనూ మీ అయిదు రోజుల్లో మూడు స్టీరింగుకే పోతాయి. నర్సాపూర్–నాగర్‌సోల్ రైళ్ళు, కాకినాడ పోర్ట్–సాయినగర్ షిర్డీ ఎక్స్‌ప్రెస్ మన మీదుగానే వెళతాయి. నాగర్‌సోల్లో దిగితే షిర్డీకి జీపులు, వ్యాన్లు స్టేషన్ బయటే ఉంటాయి. ఏ రైలు ఏ రోజో, ఏది గుంటూరు మీదుగా పోతుందో బుక్ చేసేటప్పుడు చూసుకోండి.

షిర్డీ నుంచి నాసిక్ సుమారు 90 కిలోమీటర్లు, రెండు గంటలు. అక్కడి నుంచి డ్రైవరుతో సహా ఏడు సీట్ల బండి మాట్లాడుకోండి. డ్రైవరు సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానో కింద ద్రాక్షసారం గారు లెక్క కట్టి చూపిస్తారు, ఆయన ఆ లెక్క చెప్పని థ్రెడ్డు లేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా ప్లానంతా దానంతటదే కుదురుతుంది. ఆటలు పొద్దున, గ్లాసు సాయంత్రం. తిరగేస్తే రెండూ చెడతాయి.

సన్నం334
నాసిక్ ఎందుకండీ, హంపీ వెళ్ళండి. అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయవాడ, గుంటూరు, నరసరావుపేట, గుంతకల్లు మీదుగా తిన్నగా హోసపేటలో దించుతుంది. బండ ఎక్కడానికి దేశంలో దానికి మించిన చోటు లేదు. మన తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్ల కృష్మా ఎస్టేట్ ద్రాక్షతోట కూడా ఆ హంపీ కొండల్లోనే ఉంది. పైగా 1515లో మన కొండవీడు గెలిచిన రాయలవారి ఊరు, లెక్క సరిచేసుకున్నట్టూ ఉంటుంది.

ద్రాక్షసారం
సన్నం గారూ, కృష్మా చిన్న ఎస్టేట్. ముందే రాసి అనుమతి తీసుకుంటేనే చూపిస్తారు. అది కుదరకపోతే ఆ చుట్టుపక్కల రెండో వైనరీ వెతుక్కోవాలి. నాసిక్‌లో ఒకటి మూసి ఉంటే పది నిమిషాల దూరంలో ఇంకోటి ఉంటుంది. సూలా, యార్క్, సోమా మూడూ గంగాపూర్ వైపే. షాందోన్ దిండోరిలో, వలోనే, గ్రోవర్ జంపా ఇగత్‌పురి వైపు.

జనవరి అనడం మీ అదృష్టం. చల్లటి దేశాల్లో ద్రాక్షతీగ చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మన వేడికి అది నిద్రపోదు, మనమే కత్తిరించి దారిలో పెట్టాలి. అందుకని నాసిక్‌లో ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్ ప్రాంతంలో మొదటిది, కొమ్మ పెంచడానికి. వానలు తగ్గాక సెప్టెంబరు–అక్టోబరుల్లో రెండోది, కాయ కోసం. ఆ రెండోదాని పంటే జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తుంది. సంక్రాంతికి వెళితే ముందు తెల్ల రకాలు దిగుతుంటాయి, సోవిన్యోఁ బ్లాఁ, షెనాఁ బ్లాఁ లాంటివి. షిరాజ్, కాబర్నే లాంటి ఎర్రవి ఫిబ్రవరి తర్వాతే ఎక్కువ. ఎర్ర ద్రాక్ష పులుస్తుంటే చూడాలంటే సంక్రాంతికి తొందర.

కోత తెల్లవారుజామునే అయిపోతుంది, చల్లగా ఉన్నప్పుడు కోస్తేనే పండు వాసన నిలుస్తుంది. పదకొండింటికి వెళ్ళినవాళ్ళకి తోటలో మనుషులు కనపడరు. అప్పుడు చూడాల్సింది క్రేట్లు దించే చోటు: కాడలు ఊడదీసే యంత్రం, రసం పిండే ప్రెస్సు. పిల్లలకి నచ్చేది అదే.

పిల్లల చేత ఒక పండు రుచి చూపించండి, గైడు ఇస్తేనే. మనం రైతుబజార్లో కొనే థామ్సన్ సీడ్‌లెస్‌కీ దీనికీ పోలిక లేదు. వైన్ ద్రాక్ష చిన్నది, తోలు మందం, లోపల గింజలు, తీపి మాత్రం ఎక్కువ. కోత నాటికి రసంలో చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్ దాకా ఉంటుంది, అంటే వంద గ్రాముల రసంలో సుమారు అన్ని గ్రాములు. రంగు, వగరు తోలులోనే ఉంటాయి. తోలుతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్, తోలు తీసేసి రసం ఒక్కటే పులియబెడితే తెల్లది. కిలో ద్రాక్షకి ముప్పావు లీటరు కూడా రాదు.

తోటలో గుత్తి తెంపుకుని నోట్లో వేసుకోవద్దు. తీగకి బోర్డో మిశ్రమం అనే తెగులు మందు కొట్టి ఉంటారు, గుంటూరు మిర్చి రైతులకి చెప్పక్కర్లేదు. మందు కొట్టాక కోతకి ఎన్ని రోజులు ఆగాలో లెక్క ఉంటుంది, ఏ వరస ఏ రోజు కొట్టారో మీకు తెలియదు.

గుణదలమెట్లు
ఒకటి కలుపుతాను. పులియబెట్టే హాలులో బాబు చెయ్యి వదలొద్దు. చక్కెర సారాగా మారేటప్పుడు బొగ్గుపులుసు గాలి వస్తుంది. అది మామూలు గాలికన్నా బరువు, కిందకి దిగి నేలమట్టంలో నిలుస్తుంది. తొమ్మిదేళ్ళవాడి ముక్కు మనకన్నా ఆ మట్టానికి దగ్గర. ట్యాంకు మూత దగ్గరికి వంగి చూడనివ్వకూడదు. గైడు గీసిన గీత దాటకపోతే చాలు, భయపడేదేం లేదు.

వెళ్ళేముందు వైనరీకి ఫోన్ చేసి మూడు అడగండి: పిల్లలకి టూరులోకి ప్రవేశం ఉందా, ఆ వారం తొక్కుడు ఉందా, శని ఆదివారాల్లో ప్రవేశ రుసుము వేరేనా. ఒక్కో చోట ఒక్కో పద్ధతి. 21 నిండనివాళ్ళకి వైన్ పోయరు, అమ్మాయికి ఆ మాట ముందే చెప్పి ఉంచండి, కౌంటరు దగ్గర అలక లేకుండా.

పటమటలంక
తొక్కుడు అంటే కాళ్ళతో ద్రాక్ష తొక్కడమేనా? ఆ రసం తర్వాత ఎవరైనా తాగుతారా అని అమ్మ అడుగుతోంది.

ద్రాక్షసారం
అమ్మగారికి చెప్పండి, ఎవరూ తాగరు. అది సందర్శకుల సరదా కోసం పెట్టే తొట్టి, వైన్‌లోకి పోదు.

లేతరంగు బట్టలు వద్దు, ఎర్ర ద్రాక్ష తోలు మరక ఉతికినా పోదు. కాలికి పగులో దెబ్బో ఉంటే పులుపు తగిలి మండుతుంది. అడుగు నున్నగా జారుతుంది, చిన్నవాణ్ణి అంచు పట్టుకుని నిలబడమనండి. తీపికి కందిరీగలు ముసురుతాయి, దిగగానే మోకాళ్ళ దాకా కడుక్కోవాలి. పాత తువ్వాలు ఒకటి సంచిలో పడేసుకోండి.

ఇక డ్రైవరు లెక్క. టేస్టింగ్ అంటే గ్లాసుకి 30 మిల్లీలీటర్ల చొప్పున అయిదు రకాలు అనుకుందాం. మొత్తం 150. నూటికి 13 పాళ్ళు సారా ఉన్న వైన్ అయితే లోపలికి వెళ్ళేది సుమారు 15 గ్రాముల ఆల్కహాల్. 75 కిలోల మగవాడికి అది రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాముల దగ్గరికి తెస్తుంది. 60 కిలోల ఆడవాళ్ళకి 45 దాటొచ్చు. చట్టం గీసిన గీత 30. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "టేస్టింగే కదా, తాగలేదు" అన్న మాట ఊదే యంత్రానికి వినపడదు. శరీరం గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగించగలదు. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం దాన్ని ఒక్క నిమిషం కూడా తొందరపెట్టవు.

కొండవీడు_ఎక్కుడు
ఆ లెక్కే తాడుకీ వర్తిస్తుంది. ఆల్కహాల్ లోపలి చెవిలో తూకం చెప్పే ద్రవం మీద పనిచేస్తుంది. మనిషి మాట తిన్నగానే ఉంటుంది, అంచు మీద అడుగు మాత్రం తడబడుతుంది. రాత్రి బాగా పుచ్చుకుంటే పొద్దుటికి ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, ఎండలో కొండ ఎక్కేటప్పుడు పిక్కలు పడతాయి. అందుకని కొండ రోజుకి ముందు రాత్రి కూడా ఖాళీయే.

మీ ఇంటిల్లిపాదికీ సరిపోయేవి, సరిపోనివి చెబుతాను.

కల్సూబాయి: మహారాష్ట్రలో ఎత్తయిన శిఖరం, 1,646 మీటర్లు. బారీ ఊరి నుంచి మొదలు. నిటారు చోట్ల ఇనప నిచ్చెనలు బిగించి ఉన్నాయి. పైకి మూడు గంటలు, దిగడానికి రెండున్నర. తొమ్మిదేళ్ళవాడు ఎక్కగలడు, నడక అలవాటు ఉంటే. నిచ్చెన మీద వాడి వెనకే ఒక పెద్దమనిషి, ఒక మెట్టు కింద, రెండు చేతులూ వాడికి అటూఇటూ ఉండాలి. సెలవు రోజుల్లో నిచ్చెన దగ్గర జనం ఆగిపోతారు, ఆరుంపావుకల్లా మొదలుపెడితే ఆ బాధ లేదు. శిఖరం మీద అమ్మవారి చిన్న గుడి ఉంది. అది విని మీ అమ్మగారు బయలుదేరతారేమో, మొదటి చదును దాకా చాలు.

హరిహర్ కోట: ఫోటోల్లో చూసి పిల్లలు అడుగుతారు. రాతిలో తొలిచిన మెట్లు గోడలా నిలువుగా ఉంటాయి, చేతులు పెట్టుకోవడానికి గుంటలు తప్ప పట్టు లేదు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఒకే వరస. చిన్నవాడితో వద్దు.

సందన్ లోయ: సామ్రద్ ఊరి దగ్గర నేలలో చీలిక. మొత్తం దిగాలంటే రోజంతా పడుతుంది, తాడు మీద దిగాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. కుటుంబంతో అయితే మొదటి నీటి మడుగు దాకా వెళ్ళి తిరిగొచ్చేయండి. జనవరిలో ఆ నీళ్ళు ఎముక కొరుకుతాయి. వానాకాలంలో ఆ చీలికే వాగు, అప్పుడు అటు చూడొద్దు.

షిర్డీ నుంచి కల్సూబాయికి నాసిక్ ఊళ్ళోకి రానక్కర్లేదు. సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వేలో షిర్డీ–భర్వీర్ 80 కిలోమీటర్ల ముక్క 2023 మేలో తెరిచారు, అది ఇగత్‌పురి వైపే దించుతుంది. ఘోటీ మీదుగా బారీ దగ్గర.

బ్రాడీపేట_4బై14
మరి ఎక్కుడు గారూ, కామ్‌షేట్ పారాగ్లైడింగ్ (గాలిగుడ్డ కట్టుకుని కొండ మీంచి ఎగరడం), కోలాడ్ రాఫ్టింగ్ (రబ్బరు పడవలో నది ఉరవడి మీద పోవడం) కూడా కలపమని పిల్లలు అడుగుతారు కదా. అందరూ "మహారాష్ట్రే కదా" అని ఒకే సంచిలో వేస్తారు.

కొండవీడు_ఎక్కుడు
మహారాష్ట్రే, కానీ కామ్‌షేట్ పుణె పక్కన, లోనావాలా అవతల. కోలాడ్ ఇంకా దిగువన కొంకణ్‌లో. రెండింట్లో ఏది కలిపినా ఒక రోజు రోడ్డుకే. వద్దు. ఇంకోసారి పుణె వైపు వెళ్ళినప్పుడు పెట్టుకోండి.

అప్పటికి పనికొచ్చేవి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తా. పారాగ్లైడింగులో ఎదురుగాలి కావాలి, వెనకగాలిలో ఎవరూ ఎగరరు. పైలట్ "ఇవాళ కాదు" అంటే డబ్బు వెనక్కి అడగండి, వాదించకండి. పరుగెత్తమన్నప్పుడు నేల వదిలేదాకా పరుగెత్తాలి, మధ్యలో కూలబడితే నడుము నేలకి కొట్టుకుంటుంది. చాలామంది చేసే తప్పు ఇదే, కాళ్ళు కాస్త తేలగానే కుర్చీ అనుకుంటారు.

కృష్ణలంక_గజఈత
కోలాడ్‌లో కుండలిక నది పైన కరెంటు ఉత్పత్తికి వదిలే నీళ్ళ మీద ఆధారపడుతుంది, అందుకే రాఫ్టింగ్ పొద్దుటిపూటే. ఆలస్యంగా వెళితే రాళ్ళే కనపడతాయి. తొమ్మిదేళ్ళవాణ్ణి ఎలాగూ ఎక్కనివ్వరు. కాబట్టి మీకు గంగాపూర్ డ్యామే సరి. నిలవ నీళ్ళు, చిన్నవాడికి కాయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నేర్పడానికి అనువు. ఆ నీళ్ళు గోదావరివే, పైన త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరిలో పుట్టినవి. పట్టిసీమ ఎత్తిపోతల పుణ్యమా అని ఆ గోదారే మన ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి ప్రకాశం బ్యారేజీకి వస్తోంది. పిల్లలకి మ్యాపులో వేలు పెట్టి చూపించండి.

నీళ్ళ దగ్గర చూసుకోవాల్సింది ఒక్కటే, లైఫ్ జాకెట్. 2017 నవంబరులో మన పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడ్డాక కూడా "పది నిమిషాలే కదా" అనేవాళ్ళున్నారు. జాకెట్ తొడిగి అన్ని బకిల్స్ బిగించాక, పిల్లవాడి భుజాల దగ్గర పట్టీలు రెండు చేతులా పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వాడిది కాదు. నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ తేలుతుంది, వాడు కిందకి జారతాడు. చిన్న సైజు అడగండి, కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది దొరికితే మరీ మంచిది. స్పాంజి గట్టిగా నొక్కి చూడండి. నలిగి లేవకపోతే దానికి తేల్చే బలం పోయింది. జిప్పు ఉండి బకిల్ విరిగిన జాకెట్ ఇస్తే మర్యాదగా వెనక్కిచ్చేయండి.

కాయాక్ బోల్తా పడితే మొదట చేయాల్సింది పడవని వదలకుండా పట్టుకోవడం. ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనపడుతుంది, ఈదేద్దాం అనిపిస్తుంది. జనవరి నీళ్ళు చల్లన, మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ నిమిషం పడవ పట్టుకుని ఊరికే తేలితే ఊపిరి సర్దుకుంటుంది. గ్లాసు వేసుకుని దిగినవాడికి ఈ చలి ఇంకా తొందరగా ఎక్కుతుంది. చర్మంలో రక్తనాళాలు తెరుచుకుని ఒంటి వేడి బయటికి పోతుంది, వాడికి మాత్రం వెచ్చగా ఉన్నట్టే ఉంటుంది.

మధ్యాహ్నం దాటాక గాలి లేచి నీళ్ళు అలలు కడతాయి. తొమ్మిదింటికల్లా దిగండి, పదకొండుకి ముగించండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళాలి, వచ్చేటప్పుడు అది తోసుకొస్తుంది. తిరగేస్తే అలసిపోయాక ఎదురీత.

బయలుదేరేముందు ఒక ఆదివారం పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వెళ్ళి పిల్లలకి జాకెట్ అలవాటు చేయండి. నీళ్ళంటే బెదురు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

పటమటలంక
అమ్మాయికి తాడు మీద దిగాలని గట్టిగా ఉంది. రిసార్టుల్లో పెట్టే చిన్న రాపెలింగ్ సరిపోతుందా? దానికి ఏం చూసుకోవాలి? జుట్టు నడుము దాకా ఉంటుంది.

కొండవీడు_ఎక్కుడు
మీరు చివర్లో రాసిందే అన్నిటికన్నా ముఖ్యం. దిగేటప్పుడు తాడు నడుము ముందున్న ఎనిమిది అంకె ఆకారపు ఇనప ముక్కలోంచి జారుతుంది. వదులు జుట్టునో, చున్నీనో, హుడీ దారాన్నో ఆ తాడు అందులోకి లాగేసుకుంటే మనిషి మధ్యలో వేలాడిపోతారు, కిందికీ రారు, పైకీ పోరు. తల వంచి కిందికి చూసిన క్షణంలో జరుగుతుంది. జడ అల్లి, ముడి చుట్టి, చొక్కా వెనక లోపలికి దోపి, పైన హెల్మెట్. చెవి రింగులు, గాజులు తీసేయాలి.

హార్నెస్ (నడుముకీ తొడలకీ బిగించే పట్టీల జత) నడుం పట్టీ తుంటి ఎముకల పైన ఉండాలి. తుంటి మీద ఉంటే తలకిందులైనప్పుడు జారిపోతుంది. పట్టీ కొస బకిల్‌లోంచి ఒకసారి వచ్చి మళ్ళీ వెనక్కి దూరిందా చూడండి. కొన్ని కొత్తరకం బకిల్స్‌కి ఆ అవసరం లేదు, ఏ రకమో నేర్పేవాణ్ణి అడగండి. పట్టీకీ పొట్టకీ మధ్య అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. కారబైనర్ (తాడు తగిలించే కొక్కెం) మర తిప్పి బిగించాక చేత్తో నొక్కి చూడాలి, తెరుచుకోకూడదు.

ఇక నేర్పేవాణ్ణి అడగాల్సిన ప్రశ్న: "రెండో తాడు ఎవరు పట్టుకుంటారు?" దిగే తాడు ఒకటి, ప్రాణం కాపాడే తాడు ఇంకొకటి. రెండోది పైనున్న మనిషి వదులుతూ ఉండాలి, అమ్మాయి చేతులు రెండూ వదిలేసినా పడకూడదు. రెండు తాళ్ళూ ఒకే చెట్టుకి, ఒకే మేకుకి కట్టి ఉంటే ఆ రోజుకి వేడుక మానేయండి. బేరం ఆడేది డబ్బు మీద ఆడండి, రెండో తాడు మీద కాదు.

దిగడంలో అందరూ చేసే పొరపాటు అంచు దగ్గర. భయానికి గోడకి హత్తుకుంటారు. హత్తుకుంటే పాదాలు జారి మోకాళ్ళు, మొహం రాయికి తగులుతాయి. వెనక్కి వాలి, కాళ్ళు భుజాల వెడల్పున చాపి, పాదం మొత్తం రాయికి ఆనించాలి. పక్కనుంచి చూస్తే మనిషి కుర్చీలో కూర్చున్నట్టుండాలి. కింది చెయ్యే బ్రేకు, దాన్ని తుంటి పక్క నుంచి కదపకూడదు. గంతులు వద్దు, నడుస్తూ దిగాలి.

సన్నం334
హంపీలో తాడే అక్కర్లేదు, బౌల్డరింగ్ అంటే కింద పరుపు వేసుకుని ఎక్కడమే. ఎవరికైనా ఇంకోసారి పనికొస్తుందని రాస్తున్నా. గ్రానైట్ గరుకు, రెండో రోజుకి వేళ్ళ తోలు లేచిపోతుంది. పొద్దున తొమ్మిది దాటితే బండ కాలుతుంది, చెయ్యి చెమర్చి జారుతుంది. కింద ఇద్దరు చేతులు ఎత్తి నిలబడి పడేవాడి నడుముని పరుపు మీదికి మళ్ళించాలి, ఎత్తుకోబోకూడదు. పడేటప్పుడు చేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. పురావస్తు శాఖ కట్టడాల మీద ఎక్కకూడదు. సణాపూర్ చెరువు దగ్గర బండ మీంచి దూకమని ఎవరైనా ఊరిస్తే వినకండి, నీటిమట్టం మారుతుంటుంది, నిన్న లోతున్న చోట ఇవాళ రాయి ఉంటుంది. పుట్టి ఎక్కండి చాలు, అదీ జాకెట్ ఇస్తేనే.

గుణదలమెట్లు
అమ్మగారి సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. కల్సూబాయి రోజు ఆవిడ అయిదుగంటలు బండిలో కూర్చోలేరు. మీ ఇద్దరిలో ఒకరు ఆవిడతో ఇగత్‌పురి వైపు గదిలో ఉండిపోండి, రెండోవాళ్ళు పిల్లలతో కొండకి. మర్నాడు డ్యాం దగ్గర వంతు మార్చుకోండి. నాసిక్‌లో పాండవ లేణి గుహలు ఆవిడకి నప్పుతాయి, 24 గుహలు, మెట్లు నెమ్మదిగా ఎక్కొచ్చు. త్ర్యంబకేశ్వరం జ్యోతిర్లింగం, అక్కడ క్యూ పొద్దున ఆరింటికే తేలిక. షిర్డీకి గురువారం పడకుండా చూసుకోండి, బాబా వారమని ఆ రోజు జనం విరగబడతారు.

బీపీ మాత్ర పొద్దున వేసుకునేదైతే కొండ రోజైనా మానొద్దు. నీళ్ళు తాగించండి. చలి తేలిగ్గా తీసుకోకండి, జనవరి రాత్రుళ్ళు నాసిక్‌లో పది డిగ్రీల దగ్గరకి పడుతుంది, అంతకన్నా దిగే రోజులూ ఉన్నాయి. మన బెజవాడలో 18కే మఫ్లర్లు తీస్తాం. చెవులు మూసే టోపీ, మేజోళ్ళు అందరికీ.

వైనరీలో ఆవిడ మజ్జిగో ద్రాక్షరసమో తాగుతూ తోట చూస్తూ కూర్చోవచ్చు, అన్ని పెద్ద చోట్లా భోజనశాలలున్నాయి, శాకాహారం దొరుకుతుంది. దర్శనం ముందు, వైనరీ తర్వాత అనే వరసైతే ఆవిడ మనసూ నొచ్చుకోదు.

ద్రాక్షసారం
టేస్టింగ్ సాయంత్రం నాలుగున్నర, అయిదు మధ్య పెట్టుకోండి, ఎండ వాలాక తోటలోంచి గంగాపూర్ నీళ్ళు కనపడతాయి. వరస తెలుపు నుంచి ఎరుపుకి, పొడి (తీపి లేని) వైన్ నుంచి తీపిదానికి. తిరగేస్తే ఎర్రదాని వగరు నాలుకకి పట్టి తెల్లది నీళ్ళలా ఉంటుంది. పక్కన ఉమ్మే గిన్నె పెడతారు, అది అలంకారం కాదు, వాడండి. మొహమాటపడేది మనవాళ్ళే.

మీ ఆవిడగారికి ఒక మాట: ఆ పూట మల్లెపూలు, సెంటు వద్దు. మల్లెవాసనకి మీకే కాదు, పక్క బల్లవాళ్ళకీ గ్లాసులో ఏమీ తెలియదు. మధ్యాహ్నం భోజనంలోకి మీ సంచిలోని ఆవకాయ సీసా తీయకండి. కారం తిన్న నాలుక మీద ఆల్కహాలూ ఎర్ర వైన్ వగరూ రెండింతలు మండుతాయి. కారంతోనే తాగాలనుకుంటే కాస్త తీపి ఉన్న చల్లటి షెనాఁ బ్లాఁ తీసుకోండి, గుంటూరు వంటకి అదొక్కటే తట్టుకుంటుంది.

సీసాలు మాత్రం ఇంటికి తేవొద్దు. పర్మిట్ లేకుండా బయటి రాష్ట్రం మద్యం ఆంధ్రాలోకి తెస్తే అది పన్ను కట్టని మద్యం కేసు, ఒక్క సీసా అని బతిమాలాల్సిన పరిస్థితి ఎందుకు? అయినా మన మే నెల ఎండకి బీరువాలో పెట్టిన వైన్ ఉడికి కార్కు పైకి తన్నుకొస్తుంది. అక్కడే తాగండి, అక్కడే వదిలేయండి.

ఇంకోటి. జనవరి 26, 30 మహారాష్ట్రలో డ్రై డేలు, అంటే మద్యం అమ్మని రోజులు. సంక్రాంతి వారానికి ఇబ్బంది లేదు, వాయిదా పడితే గుర్తుంచుకోండి.

కృష్ణలంక_గజఈత
బీమా కాగితం కూడా తిరగేయండి. చాలా ప్రమాద బీమా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల్లో ఉంటాయి, మద్యం పుచ్చుకుని ఉంటే అసలే ఇవ్వరు. ట్రావెల్ పాలసీ తీసుకుంటే తాడు, పడవ పేర్లు అందులో ఉన్నాయో లేదో చదివి తీసుకోండి.

పటమటలంక
అందరికీ దండాలు. ఇలా అనుకుంటున్నా. రైలు దిగిన రోజు షిర్డీ, రాత్రి అక్కడే. రెండో రోజు దర్శనం అయ్యాక సమృద్ధి మీదుగా ఇగత్‌పురి, గదిలో విశ్రాంతి, గ్లాసు లేదు. మూడో రోజు తెల్లవారుజామున నేనూ పిల్లలూ కల్సూబాయి, సాయంత్రం నాసిక్. నాలుగో రోజు పొద్దున గంగాపూర్ డ్యాం కాయాక్, మధ్యాహ్నం నిద్ర, అయిదింటికి వైనరీ. అయిదో రోజు పొద్దున త్ర్యంబకం, తర్వాత పాండవ లేణి, రాత్రి రైలు. తాడు దిగడం ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు.

కొండవీడు_ఎక్కుడు
రెండో రోజు సాయంత్రం, ఇగత్‌పురి రిసార్టులో నలభై అడుగుల గోడ ఉంటే అక్కడ. మర్నాడు కొండ ఎక్కాలి కాబట్టి రెండుసార్లు దిగితే చాలు. రెండో తాడు లేకపోతే అమ్మాయి అలిగినా సరే వద్దు. ఈలోగా రెండు ఆదివారాలు కొండపల్లి ఖిల్లాకి పిల్లల్ని బరువు సంచులతో నడిపించండి, కొత్త బూట్లు అక్కడే అరగనివ్వండి. కొత్త బూట్లతో కల్సూబాయి దిగితే బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడతాయి.

బ్రాడీపేట_4బై14
అయిదో రోజులో చిక్కుంది. త్ర్యంబకం నాసిక్‌కి ఒక పక్క, నాగర్‌సోల్ ఇంకో పక్క. తిరుగు రైలు వేళ చూసి పాండవ లేణి నాలుగో రోజు మధ్యాహ్నానికి జరపండి, నిద్ర కాస్త తగ్గినా ఫరవాలేదు, కాయాక్ అప్పటికి అయిపోయి ఉంటుంది. 2027 సింహస్థ కుంభమేళా దగ్గరపడే కొద్దీ త్ర్యంబకం రోడ్డుకి గంట అదనంగా వేసుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. భోగి ముందు జనవరి 13 రైలు అనుకుంటే నవంబరు 14 పొద్దున ఎనిమిదింటికి. అయిదుగురి పేర్లు, వయసులు ముందు రోజే ఐఆర్‌సీటీసీ మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టుకోండి, అప్పుడు టైపు చేస్తూ కూర్చుంటే సంక్రాంతి రైలు ఆగదు. అమ్మగారికి కింది బెర్తు ఆప్షన్ నొక్కడం మరవకండి.